ఏడు బొట్ల అద్దం

రెండు నెలల కిందట ఒక ఆదివారం, బెళ్ళందూరులో మా అమ్మాయి వాళ్ళ అపార్ట్‌మెంటులో, భోజనాల బల్ల మీద పాత దుప్పటి పరిచి మా అల్లుడు అద్దం కోయడానికి కూర్చున్నాడు. స్నానాల గదికని తెప్పించిన అద్దం కొలత తప్పి రెండంగుళాలు ఎక్కువ వచ్చిందట. షాపుకు పంపితే వారం పడుతుందన్నారని, గాజు కోసే కలం ఒకటి ఆన్‌లైనులో తెప్పించుకుని, ఫోనులో వీడియో ఆపి ఆపి చూసుకుంటూ, "అత్తయ్యా, మీ ఇంట్లో ఇదే బిజినెస్ కదా, కొంచెం గైడ్ చెయ్యండి" అన్నాడు. కలాన్ని కిరసనాయిలులో ముంచాలని, రసం పూసిన వైపు కాకుండా గాజు వైపే గీయాలని, గీసిన గీత మీద రెండోసారి కలం పెట్టకూడదని చెప్పాను. కిరసనాయిలు ఈ కాలంలో ఎక్కడ దొరుకుతుందని నవ్వి, వంటనూనెలో ముంచి గీశాడు. కొత్త పట్టుగుడ్డను నిదానంగా చించినట్టు సన్నని చప్పుడు వచ్చింది. నేను లేచి బాల్కనీలోకి పోయి కూర్చున్నాను. బీపీ మాత్ర వేసుకున్నానా అని మా అమ్మాయి వచ్చి అడిగింది. వేసుకున్నానని చెప్పానే గాని, ఆ చప్పుడు చెవిన పడి నలభై ఏళ్ళ పైమాటేనని, దానితోపాటు ఒక మనిషి వచ్చి నా ఎదుట కూర్చుందని ఎట్లా చెప్పను?

నా ఈడు వాళ్ళయితే వింటారు. మేము మాగడి రోడ్డు వెనకాల ఒక వఠారంలో ఉండేవాళ్ళం. ఎనిమిది కాపురాలు, నడుమ ఒక కొళాయి. మా నాయన చింతామణి ఊరికి పక్కనున్న పల్లె నుంచి పెళ్ళికి ముందే బెంగళూరు చేరి, పేటలో ఒక అద్దాల షాపులో బిగింపు పనికి కుదిరినవాడు. పగలంతా ఇళ్ళకు పోయి కిటికీలకూ బీరువాలకూ అద్దాలు బిగించి, వచ్చేటప్పుడు ఆ ఇళ్ళవాళ్ళు వద్దన్న పాత అద్దాలను కంబళిలో చుట్టి సైకిలుకు కట్టుకుని తెచ్చేవాడు. పగిలిన అద్దం ఇంట్లో ఉంటే అరిష్టమని మనవాళ్ళకు భయం కదా, ఎంత మంచి అద్దమైనా మూలన చిన్న బీట పడితే చాలు, తీసుకుపోతే పుణ్యమన్నట్టు ఇచ్చేసేవారు. అట్లా ఊరి అరిష్టమంతా మా ఇంటికి చేరేది. వఠారంలో కొందరు తమ పిల్లలను మా గడప తొక్కనిచ్చేవారు కాదు.

కోసేది మాత్రం నాయన కాదు, అమ్మ. నాయన చేయి బరువు, ఆయన గీస్తే గాజు తన ఇష్టం వచ్చిన దారిన చీలేది. అమ్మ ముందుగదిలో బల్ల మీద కంబళి పరిచి, పగులును తప్పించి మంచి భాగం ఎంత మిగులుతుందో కంటితోనే కొలిచి, బద్ద ఆనించి ఊపిరి బిగబట్టి ఒకే ఈడ్పున గీసేది. ఆ క్షణంలో ఇంట్లో ఎవరమూ మాట్లాడేవాళ్ళం కాదు. తరువాత గీతను బల్ల అంచుకు చేర్చి రెండు చేతులతో మెల్లగా వంచితే, టక్కుమని విడిపోయేది. అంచులను సానరాతి మీద నీళ్ళు చల్లి రుద్దడం, నేల మీద రాలిన సన్నని పలుకులను గోధుమపిండి ముద్దతో అద్ది అద్ది ఎత్తడం నా వంతు. ఎంత అద్దినా ఏదో ఒకటి మిగిలి, రెండు రోజుల తరువాత ఎవరి అరికాలిలోనో దిగేది. పెద్ద అద్దాలన్నీ మా ఇంట్లో చేతి అద్దాలుగా, మంగలి షాపుల పలకలుగా, పౌడరు డబ్బాల మూతల్లో బిళ్ళలుగా మారి మళ్ళీ ఊరి మీదికి పోయేవి.

నాకు పన్నెండో ఏడు నడుస్తుండగా నాయన ఒక సాయంత్రం బీరువా తలుపు అద్దం తెచ్చాడు. బసవనగుడిలో ఎవరింట్లోనో పెళ్ళి జరగబోతోందని, బీరువాకు కొత్త అద్దం బిగించి పాతది తెచ్చానని అన్నాడు. నా కంటే పొడుగైన అద్దం అది, అంత నిర్మలమైన అద్దం మా ఇంటికి మునుపు రాలేదు. పైమూల నుంచి కుడి అంచు వెంబడి ఒక పగులు దిగింది. ఆ పగులు పక్కనే, గోడకు ఆనించి నిలబెడితే నా తలకు జానెడు ఎత్తున, ముదురు మెరూను రంగు మఖమలు బొట్లు వరుసగా అంటించి ఉన్నాయి. లెక్కపెట్టాను, ఏడు.

అప్పుడప్పుడే స్టిక్కరు బొట్లు కొత్తగా వస్తున్న రోజులు. మా అమ్మ మైనం రాసుకుని కుంకుమ అద్దుకునేది, నాకు చాదు బొట్టు. బళ్ళో ఇద్దరు ముగ్గురు ఉన్నవాళ్ళ పిల్లలే స్టిక్కర్లు పెట్టుకునేవాళ్ళు. అమ్మ వాటిని చూసి, "ఇంటామె బొట్లు మరిసిపోయుండాది సూడు" అని, పగులున్న వైపు బెత్తెడు వెడల్పున పట్టీ కోసి తీసేసి, అందులో బొట్లున్న జానెడు ముక్కను విడదీసి, బొట్లు గిల్లి తులసి మొదట్లో వేసి గాజును పెంకుల డబ్బాలో వెయ్యమని నా చేతికి ఇచ్చింది. నేను ఆ పట్టీని పాత లంగాలో చుట్టి పెట్టె అడుగున దాచాను. మిగిలిన అద్దాన్ని అమ్మ ఆ వారంలోనే పద్నాలుగు ముక్కలు చేసింది.

ఆ తరువాత మూడు వారాల్లో నేను నాలుగు బొట్లు పెట్టుకున్నాను. స్నేహితురాలు ఇచ్చిందని అమ్మకు చెప్పాను. ఐదోది పెట్టుకున్నది ఒక శనివారం. ఒంటిపూట బడి నుంచి వచ్చి గుమ్మంలో కూర్చుని అద్దాల అంచులు రుద్దుతున్నాను. అమ్మ లోపల అన్నం వారుస్తోంది. నాయన షాపులో ఉన్నాడు. యాభై దాటిన ఒకావిడ, నేత చీర, చేతిలో గుడ్డసంచి, మా గుమ్మం ముందు నిలబడి, "అద్దాలు కోసే ఇల్లు ఇదేనా పాపా?" అని అడిగి, నేను తల ఎత్తగానే మాట ఆపేసింది. నా ముఖం వైపు ఎంతసేపు చూసిందంటే, నా చేతిలోని అద్దం ముక్క నీళ్ళలో జారిపోయింది.

అమ్మ బయటికి వచ్చి చాప వేసి కూర్చోబెట్టింది. ఆవిడది హోసూరు దారిలోని అత్తిబెలె. ఒక్కగానొక్క కూతురును బసవనగుడికి ఇచ్చింది. కడుపుతో ఉండగా కామెర్లు వచ్చి ఏడో నెలలో ఆ పిల్ల పోయింది. అల్లుడికి మళ్ళీ పెళ్ళి కుదిర్చారు. వాళ్ళను ఆవిడ ఒక్క మాటా అనలేదు, "మొగపిల్లోడు, యెన్నాళ్ళుంటాడు" అని మాత్రం అంది. బిడ్డ సామాన్లు తెచ్చుకుందామని పోతే బీరువాకు కొత్త అద్దం ఉంది. పాతది ఏమయిందని అడిగి షాపుకు పోయి, షాపు వాళ్ళను అడిగి మా ఇంటికి వచ్చింది.

"ఆ అద్దానికి మా పాప బొట్లు అంటిచ్చి పెట్టిండె అమ్మా. సీమంతానికి పొయినప్పుడు నేనే ఎంచితి, ఏడు ఉండె. అద్దం నాకియ్యండి, దుడ్డు ఎంతైనా ఇస్తాను."

అమ్మ తల దించుకుంది. "కోసేస్తిమి కదమ్మా. మాకు తెలీలేదు. ఒకరోజు ముందు వచ్చింటే అట్లే తీసి పెట్టిందును" అంది. ఒకరోజు కాదు, మూడు వారాలయిందని అమ్మకు తెలుసు. మూడు వారాలు ఆలస్యం చేశానని ఆవిడ తనను తాను తిట్టుకోకూడదనే అట్లా అందని నాకు పెద్దయ్యాక గాని అర్థం కాలేదు. ఆ అద్దంలోంచి వచ్చిన చేతి అద్దం ఒకటి ఇంకా అమ్ముడు పోకుండా ఉంటే అమ్మ తెచ్చి ఆవిడ చేతిలో పెట్టింది. ఆవిడ దానిని కొంగుతో తుడిచి, అటూ ఇటూ వంచి చాలాసేపు చూసి, తిరిగి అమ్మకు ఇచ్చేసింది.

"దీంట్లో నేనే ఉండాను కదమ్మా" అంది.

పోతూ పోతూ నా గడ్డం పట్టుకుని, "బొట్టు బాగుండాది పాపా, యాడిది?" అని అడిగింది. స్నేహితురాలు ఇచ్చిందన్నాను. "అట్లనా" అని, సంత వీధిలో తన ఇల్లు ఎక్కడో అమ్మకు చెప్పి, ఎప్పుడైనా రమ్మని వెళ్ళిపోయింది.

ఆవిడ వఠారం గేటు దాటే దాకా అమ్మ నిలబడి చూసింది. తరువాత వచ్చి నా ముందు కూర్చుని, నా నొసటి బొట్టును గోటితో తీసి అరచేతిలో పెట్టుకుని, "పట్టీ యాడ పెట్టినావు?" అంది. కొడుతుందనుకున్నాను. కొట్టలేదు. నేను పెట్టెలోంచి తెచ్చి ఇచ్చిన పట్టీని చూసి, ఇంకా రెండు మిగిలి ఉన్నాయని గమనించి, ఆ పూట అన్నం తినలేదు.

మరుసటి ఆదివారం అమ్మ నన్ను తీసుకుని, పట్టీని మెత్తటి గుడ్డలో చుట్టి ఒడిలో పెట్టుకుని అత్తిబెలె బస్సెక్కింది. ఇల్లు కనుక్కోవడం కష్టం కాలేదు. రెండు గదుల పెంకుటిల్లు, వాకిట్లో తిన్నె. ఆవిడ మమ్మల్ని చూసి ఆశ్చర్యపోలేదు. అమ్మ గుడ్డ విప్పి పట్టీని ఆవిడ ముందు పెట్టి, "మా పాప తెలీక పెట్టుకునింది అమ్మా, ఐదు అయిపోయుండాయి. ఈ రెండే మిగిలుండాయి. సెమించాల" అంది. నేను అమ్మ వెనక నిలబడి, ఏ క్షణాన తిట్లు మొదలవుతాయా అని ఎదురుచూస్తున్నాను.

"నాకు అపుడే తెలిసె. గట్టిగా అడిగితే తీసేస్తుందేమోనని ఊరుకుంటి" అంది ఆవిడ. తరువాత నన్ను దగ్గరికి పిలిచి కూర్చోబెట్టుకుని, "ఐదు దినాలు పెట్టుకుంటివి కదా, ఆ దినాల్లో యేమేమి చేస్తివో చెప్పు" అని అడిగింది.

నిజం చెప్పాలంటే ఆ ఐదు రోజుల్లో చెప్పుకోదగ్గది ఏమీ లేదు. మొదటి రోజు లెక్కలు చేసుకుపోలేదని బళ్ళో బెంచీ మీద నిలబెట్టారు. రెండో రోజు జ్వరం వచ్చి ఇంట్లో పడుకున్నాను. మూడో రోజు కొళాయి దగ్గర పక్కింటి పిల్లతో కొట్లాట. నాలుగో రోజు నాయన సైకిలు మీద కడలెకాయి పరిషెకు, అదే వేరుశెనక్కాయల తిరునాళ్ళకు, తీసుకుపోయాడు, అదొక్కటే మంచి రోజు. ఐదో రోజు ఆవిడే వచ్చింది. నేను పరిషె సంగతితో మొదలుపెట్టాను. "కడలెకాయలు తింటివా? యేయించినవా, పచ్చివా?" అంది. పచ్చివి అన్నాను. "మా పాపకీ పచ్చివే ఇష్టం" అని ఆవిడ నవ్వింది. ఎండిన నేల మీద నాలుగు చినుకులు పడ్డట్టు ఆ ముఖం ఎట్లా మారిందో ఇప్పటికీ నా కళ్ళకు కట్టినట్టు ఉంది. ఆ నవ్వు చూశాక నాకు ఏం చెప్పాలో తెలిసిపోయింది. మొదటి రోజు బళ్ళో పాట పాడితే టీచరమ్మ మెచ్చుకుందన్నాను. రెండో రోజు పక్కవీధిలో పెళ్ళికి పోయి మల్లెపూలు పెట్టుకున్నానన్నాను. "బొట్టు రాలిపోలేదు కదా?" అని అడిగితే, పొద్దుపోయేదాకా అట్లే ఉండిందన్నాను. నేను ఒకటి అల్లుతుంటే ఆవిడ దానికి ఇంకొకటి చేర్చి అడిగేది. పూలు ఎన్ని మూరలు, చీర కట్టుకున్నదెవరు, పెళ్ళికూతురు ఏడ్చిందా అని. కాసేపటికి చెబుతున్నది నేనా, ఆ పోయిన పిల్లా అన్నది నాకే తెలియకుండా పోయింది. అయినా ఆపలేకపోయాను.

అమ్మ గోడకు ఆనుకుని అంతా వింటూనే ఉంది. నా ఐదు రోజులూ అమ్మకు తెలుసు. ఒక్కటీ ఖండించలేదు.

ఆవిడ నా జడ విప్పి నూనె రాసి, చిక్కు తీసి మళ్ళీ అల్లింది. పట్టీ మీది రెండు బొట్లలో ఒకటి గిల్లి నా నొసట పెట్టి, దూరంగా జరిగి చూసుకుని, "ఇంగొకటి మళ్ళీ వచ్చినప్పుడు పెడతాను. వస్తావు కదా?" అంది. వస్తానన్నాను. అప్పుడు అది అబద్ధం కాదు.

తిరుగు బస్సులో, చందాపుర దాటాక, అమ్మ నా నొసటి బొట్టు తీసి కిటికీలోంచి పారేసి, కొంగును నాలుకతో తడి చేసి నా నుదురు మంట పుట్టేలా తుడిచింది. "ఇంగ పోవద్దు పాపా. ఆమె మంచిదే. అయినా వద్దు. నిన్ను చూస్తా ఆమె నిన్ను చూడలేదు" అంది. అమ్మ ఏడుస్తోందని అప్పుడు చూశాను. ఆ తరువాత రెండుసార్లు ఆవిడ మనిషి ద్వారా కబురు పంపింది, ఒకసారి చింతపండు కూడా పంపింది. పాపకు పరీక్షలని అమ్మ చెప్పి పంపింది. మూడోసారి కబురు రాలేదు.

ఏళ్ళు గడిచాయి. చదువయ్యాక పీణ్యలో ఒక చిన్న ఫ్యాక్టరీ ఆఫీసులో టైపిస్టుగా చేరాను. పెళ్ళయింది. ఫ్యాక్టరీ యజమానికి హోసూరులో ఇంకొక షెడ్డు ఉండేది, నెలకోసారి కాగితాలు తీసుకుని నేను అక్కడికి పోవలసి వచ్చేది. పోయేటప్పుడొకసారి, వచ్చేటప్పుడొకసారి బస్సు అత్తిబెలెలో ఆగేది. చెక్‌పోస్టు దగ్గర లారీల వరుస వల్ల ఒక్కోసారి పావుగంట ఆగేది. ప్రతిసారీ దిగాలనుకునేదాన్ని, ఏదో ఒక సాకు దొరికేది. ఒకసారి మాత్రం దిగాను. అప్పుడు నేను ఐదు నెలల కడుపుతో ఉన్నాను.

వీధి మొగదలకు పోయేసరికే ఆవిడ కనిపించింది. తల పూర్తిగా నెరిసింది. తిన్నె మీద ఇంకో ఇద్దరు ఆడవాళ్ళతో కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. వాళ్ళెవరో ఏదో అంటే నవ్వింది కూడా. నేను ఇంకొక ఇరవై అడుగులు వేసి ఉంటే సరిపోయేది. అప్పుడు నాకు గుర్తొచ్చింది, ఆవిడ కూతురు ఏడో నెలలో పోయిందని. ఆవిడ నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, ఇన్నేళ్ళూ ఏమేమి చేస్తివి అని అడుగుతుంది. నా చదువూ, ఉద్యోగమూ, పెళ్ళీ, ఈ కడుపూ అన్నీ తన బిడ్డవిగా వింటుంది. అమ్మ బస్సులో ఎందుకు ఏడ్చిందో ఆ వీధి మొగదల నాకు తెలిసింది. ఆవిడ ఎండకు చేయి అడ్డం పెట్టుకుని నా వైపు చూసింది. గుర్తుపట్టిందో లేదో చెప్పలేను. నేను కొంగు కడుపు మీదికి లాక్కుని వెనక్కి తిరిగి, వచ్చిన మొదటి బస్సు ఎక్కేశాను.

కాన్పు సుఖంగానే జరిగింది. ఆ పిల్లే బెళ్ళందూరులో ఉన్న మా అమ్మాయి. అయినా ఆ తరువాత ఎన్నో రాత్రులు, ముఖ్యంగా బిడ్డకు జ్వరం వచ్చినప్పుడల్లా, ఎండకు చేయి అడ్డం పెట్టుకుని చూస్తున్న ఆవిడ నా కళ్ళ ముందుకు వచ్చేది. నాకు హాని చేసే చూపు కాదు అది. ఎవరో వస్తున్నారని చూసే చూపు. అదే నన్ను నిద్రపోనిచ్చేది కాదు. అమ్మ పోయే ముందు సంవత్సరం ఒకసారి తనే ఆ మాట ఎత్తి, "నిన్ను ఇంగొక్కసారి పిల్చుకోని పోయింటే బాగుండు అనుకున్యా, అసలు ఎందుకు పిల్చుకోని పోతినే అనీ అనుకున్యా" అంది.

అల్లుడు అద్దం కోసిన వారానికి నేను ఒక్కదాన్నే అత్తిబెలె వెళ్ళాను. ఎవరికీ చెప్పలేదు. ఆవిడ ఉండదని తెలుసు, ఉంటే నూరేళ్ళకు దగ్గర పడి ఉండాలి. ఆ ఇంటివాళ్ళు ఎవరైనా ఉంటారేమో, ఒక్క మాట చెప్పుకోవాలని ఆశ. ఆ వీధి వీధిలా లేదు. పెంకుటిళ్ళు పోయి మూడేసి అంతస్తుల కట్టడాలు లేచాయి, పైన ఫ్యాక్టరీ పనివాళ్ళకు అద్దె గదులు, కింద మొబైలు షాపులు, తిన్నెలు ఉన్న చోట మోటారు సైకిళ్ళు. జిరాక్సు షాపులో కూర్చున్న ఒకామె నేను రెండుసార్లు అటూ ఇటూ తిరగడం చూసి, "ఎవరు బేకమ్మా? పేరు చెప్పండి, మా మామనడిగి చూస్తాను, పాతోళ్ళు ఆయనకు తెలుసు" అంది. మంచి మనిషి, ఫోను కూడా చేతిలోకి తీసుకుంది.

ఒకప్పుడు ఊళ్ళో మనిషిని వెతకడానికి పేరు అవసరమయ్యేది కాదు. మా అమ్మ బస్సు దిగి, బెంగళూరులో బిడ్డను పోగొట్టుకున్నామె అని అడిగితే, వీధి వీధంతా చేయి చూపించింది. కష్టమే విలాసంగా ఉండేది ఆ రోజుల్లో. ఇప్పుడు పక్క గదిలో ఉన్నదెవరో తెలియాలన్నా పేరు కావాలి, ఫోను నంబరు కావాలి. అవి ఉంటే క్షణంలో మనిషి దొరుకుతుంది, లేకపోతే ఎన్నటికీ దొరకదు. దీనిని తప్పనీ అనలేను, కాలం అట్లా ఉంది.

ఆమె ఫోను పట్టుకుని నా నోటి వైపు చూస్తోంది. ఆనాడు ఆవిడ నన్ను ఐదు రోజుల గురించి అంత ఆశగా, పూల మూరలతో సహా అడిగి తెలుసుకుంది. నీ పేరేమిటమ్మా అని గాని, నీ బిడ్డ పేరేమిటని గాని, నేను ఆవిడను ఒక్కసారీ అడగలేదు.